ఈఎస్‌ఐ సెలవులో ఉన్న కార్మికుడికి కరువు భత్యం పెంపు వర్తిస్తుందా?

పేరు వేయవద్దని కోరుతూ సంగారెడ్డి జిల్లా నుంచి ఒక పాఠకుడు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి సారాంశం ఇది. ఆయన వయసు 38 ఏళ్లు. పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో తొమ్మిదేళ్లుగా పర్మినెంటు కార్మికుడు. నెలల తరబడి వదలని నడుంనొప్పికి కారణం వెన్నెముక క్షయ అని ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) ఆసుపత్రిలో తేలడంతో మే 14 నుంచి వైద్య సెలవులో ఉన్నారు. మొదటి రెండు రోజులకు డబ్బు రాలేదు. మే 16 నుంచి రోజుకు 420 రూపాయల చొప్పున ఈఎస్‌ఐ బ్యాంకు ఖాతాలో వేస్తోంది. ఏప్రిల్ 1న వీడీఏ, అంటే కరువు భత్యం, పెరిగి ఆయన రోజు వేతనం 620 రూపాయలయింది కాబట్టి, అందులో 70 శాతం 434 కావాలి కదా, 420 ఎందుకు వచ్చిందన్నది ఆయన మొదటి ప్రశ్న. జూలై నుంచి ఎవరూ చెప్పకుండానే అది 427 అయింది. పొరపాటున ఎక్కువ వేశారేమో, తర్వాత వెనక్కి లాగుతారేమో అని మరో దిగులు.

దీనికి తోడు, ధరల పెరుగుదలను దృష్టిలో పెట్టుకుని ఒక్కొక్కరికీ ఒకేసారి 9,000 రూపాయలు ఇచ్చేలా యాజమాన్యానికీ యూనియన్‌కూ ఒప్పందం కుదిరింది. ఆ డబ్బు జూలై జీతంతో అందరికీ అందింది, ఈయనకు అందలేదు. అడిగితే "మీరు ఈఎస్‌ఐలో ఉన్నారు, జీతం తీసుకోవడం లేదు, మీకు వర్తించదు" అని హెచ్‌ఆర్ వారు అన్నారట. ఆ డబ్బు తీసుకుంటే ఈఎస్‌ఐ వాళ్లు ఇచ్చేది ఆపేస్తారని తోటి కార్మికుడొకరు భయపెట్టారు. అదే ప్లాంటులో యంత్రంలో వేళ్లు పోగొట్టుకున్న మరొకరికి ఈఎస్‌ఐ నెలనెలా ఇచ్చే మొత్తం మాత్రం ధరలను బట్టి పెరిగిందని, తనకెందుకు పెరగదని కూడా ఆయన అడుగుతున్నారు. డాక్టర్లు గుడ్లు, పాలు, పప్పు బాగా తీసుకోమంటున్నారు, ఇద్దరు పిల్లల బడి ఫీజు కట్టాలి. ఈ పరిస్థితిలో నడుముకు పట్టీ కట్టుకునైనా ఆగస్టులో డ్యూటీలో చేరిపోదామా అని ఆలోచిస్తున్నానంటూ ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినవన్నీ ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి గానీ, వీటిలో ఈఎస్‌ఐ జవాబు చెప్పవలసినవి కొన్ని, యాజమాన్యం జవాబు చెప్పవలసినవి కొన్ని, ఆ ఇద్దరికీ సంబంధం లేకుండా ప్రభుత్వం నుంచి మీకు రావలసినది ఒకటి ఉన్నాయి. ఒకచోట కాదన్నంత మాత్రాన మిగతా చోట్ల కూడా హక్కు లేదనుకుని ఊరుకోవద్దన్నదే మీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట.

ముందు ఈఎస్‌ఐ లెక్క చూద్దాం. మీకు వచ్చే అనారోగ్య ప్రయోజనం ఈరోజు మీ జీతం మీద లెక్కగట్టేది కాదు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా మీరు చందా కట్టిన కాలానికి ప్రతిఫలం మరుసటి సంవత్సరం జనవరి నుంచి జూన్ దాకా అందుతుంది. అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా కట్టిన చందాకు ప్రతిఫలం ఆ తర్వాతి జూలై నుంచి డిసెంబరు దాకా అందుతుంది. మే, జూన్ నెలల్లో మీకిచ్చినది కిందటి ఏడాది ఏప్రిల్–సెప్టెంబరు మధ్య మీ సగటు రోజు వేతనంలో 70 శాతం. అప్పట్లో మీ సగటు 600 రూపాయలు ఉండి ఉంటుంది, 420 అలా వచ్చిందే. జూలై రాగానే లెక్క అక్టోబరు–మార్చి వేతనాల మీదికి మారింది. అక్టోబరు 1న పెరిగిన వీడీఏ అందులో కలిసి సగటు 610కి చేరింది కనుక 427 అయింది. అది పొరపాటు కాదు, ఎవరూ వెనక్కి లాగరు, ఆ డబ్బును నిశ్చింతగా వాడుకోండి. ఈ ఏప్రిల్ 1న పెరిగిన వీడీఏ మాత్రం ఈ డిసెంబరు దాకా ఈ లెక్కలోకి రాదు.

అంటే కరువు భత్యం పెంపు మీకు అసలు వర్తించదనడం తప్పు, ఆలస్యంగా వర్తిస్తుందనడమే సరైనది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వినియోగదారుల ధరల సూచీ ఆధారంగా ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న వీడీఏను సవరిస్తారు. సరిగ్గా అవే తేదీల్లో ఈఎస్‌ఐ చందా కాలాలు కూడా మొదలవుతాయి. అయితే పెంపు చేతికందేది చందా కాలం ముగిసి, ఆపై మూడు నెలలు గడిచాకే. ధర ఈరోజు పెరిగితే పరిహారం తొమ్మిది నెలల తర్వాత వస్తుంది. పనిలో ఉన్నవాడికే కష్టమైన ఈ ఆలస్యం మంచం మీద ఉన్నవాడి మీద పడడం అన్యాయమనే నేను అనుకుంటున్నాను. కానీ ఇది మీ బ్రాంచి ఆఫీసు గుమాస్తా మార్చగలిగింది కాదు, అక్కడ వాదించి అలసిపోకండి. అక్కడ మీరు చూసుకోవలసింది ఒక్కటే ఉంది. మీ ఐపీ నంబరుతో, అంటే ఈఎస్‌ఐ బీమా నంబరుతో, ఈఎస్‌ఐ పోర్టల్‌లోకి వెళితే యాజమాన్యం నెలనెలా మీ పేరు మీద చూపిన పని దినాలూ వేతనమూ కనిపిస్తాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఉన్న ఆరు వరుసలను మీ జీతం స్లిప్పులతో పోల్చి చూడండి. స్లిప్పులో మూలవేతనం, వీడీఏ రెండూ ఉండి, ఈఎస్‌ఐకి మూలవేతనం మాత్రమే చూపి ఉంటే, మీకు రోజూ కొంత సొమ్ము తగ్గుతున్నట్టే. అలాంటిది బయటపడితే స్లిప్పుల నకళ్లతో బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, కరువు భత్యం వేతనంలో భాగమన్న విషయంలో సందేహానికి తావు లేదు.

వేళ్లు పోగొట్టుకున్న మీ మిత్రుడికి వచ్చేది శాశ్వత అంగవైకల్య ప్రయోజనం. అది బతికినంత కాలం వచ్చేది, ఏళ్లు గడిచేకొద్దీ విలువ తరిగిపోతుంది కాబట్టి ఈఎస్‌ఐ సంస్థ అప్పుడప్పుడు జీవన వ్యయాన్ని బట్టి దాన్ని పెంచుతుంది. పనిలో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే ఆశ్రితుల ప్రయోజనానికీ ఇదే పద్ధతి. అనారోగ్య ప్రయోజనం ఏడాదికి 91 రోజులకు పరిమితమైన స్వల్పకాలిక సాయం గనుక దానికి అలాంటి సవరణ పెట్టలేదు. వాదనగా ఇందులో కొంత న్యాయం ఉంది. కానీ మీలాగా జబ్బు నెలల తరబడి సాగేవారి విషయంలో ఆ వాదన నిలవదు, యూనియన్లు ఈఎస్‌ఐ సంస్థ ముందు గట్టిగా అడగవలసిన విషయమిది.

ఇక 91 రోజుల సంగతి. మే 16 నుంచి లెక్కపెడితే ఆగస్టు 14తో అవి పూర్తవుతాయి. మీ ఉత్తరంలో ఈ తేదీ ఎక్కడా లేదు, అది నన్ను కలవరపెట్టింది. 9,000 రూపాయల కన్నా ముందు మీరు ఆలోచించవలసింది ఆగస్టు 15 తర్వాత ఇల్లు ఎలా గడుస్తుందన్నదాని గురించి. క్షయ దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉంది. ఆ జాబితాలోని 34 వ్యాధులకు మామూలు ప్రయోజనం అయిపోయాక పొడిగించిన అనారోగ్య ప్రయోజనం వస్తుంది. అది సగటు రోజు వేతనంలో 80 శాతం, గరిష్ఠంగా రెండేళ్ల దాకా. సగటు 610 అనుకుంటే రోజుకు 488 రూపాయలు. వరుసగా రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండి, అంతకు ముందటి నాలుగు చందా కాలాల్లో కలిపి కనీసం 156 రోజులకు చందా కట్టి ఉండాలన్నది షరతు. తొమ్మిదేళ్లుగా పర్మినెంటులో ఉన్న మీకు ఇది ఇబ్బంది కాకూడదు. అయితే ఇది అడగకుండా వచ్చేది కాదు. స్పెషలిస్టు డాక్టరు జబ్బు పేరును స్పష్టంగా రాసివ్వాలి, ఆ కాగితాలు బ్రాంచి ఆఫీసుకు చేరాలి, ఆపైన మంజూరు కావాలి. "నడుంనొప్పి" అని రాసిన సర్టిఫికెట్‌తో ఈ పని జరగదు. ఈ వారంలోనే ఆసుపత్రికి వెళ్లి ఆ కాగితం తెచ్చుకోండి.

ఇప్పుడు 9,000 రూపాయల విషయానికి వస్తాను. "జీతం తీసుకోవడం లేదు కాబట్టి వర్తించదు" అన్న జవాబు ఒప్పందం చదివి చెప్పినదో, నోటికి వచ్చి చెప్పినదో ముందు తేల్చుకోవాలి. యూనియన్ దగ్గర ఒప్పందం నకలు ఉంటుంది, అడిగి తీసుకుని అర్హత గురించిన పేరాను స్వయంగా చదవండి. జూలై 1 నాటికి మస్టరులో పేరున్న కార్మికులందరికీ అని ఉంటే మీరు నిస్సందేహంగా అర్హులే, ఎందుకంటే వైద్య సెలవులో ఉన్నంత మాత్రాన మీ పేరు మస్టరు నుంచి పోలేదు, ఉద్యోగ సంబంధం తెగలేదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా హాజరైన రోజుల నిష్పత్తిలో అని ఉంటే, మే 13 దాకా మీరు పనిచేసిన రోజులకు తగ్గ వాటా వస్తుంది, మొత్తం అడగడం కుదరదు. ఆ నెలలో వేతనం పొందిన వారికి మాత్రమే అని ఉంటే ఈసారికి మీ హక్కు బలహీనం. అప్పుడు మిగిలేది యూనియన్ ద్వారా యాజమాన్యాన్ని మానవతా దృష్టితో ఒప్పించడమే. చాలా ఒప్పందాల్లో ఈ విషయం మీద ఏమీ రాసి ఉండదు. అలా ఉంటే, అడగకుండా వదులుకోవడానికి కారణమేమీ లేదు.

అడిగే పద్ధతిలోనూ ఒకదానికి ఒకటి తేడా ఉంది. యూనియన్ కార్యదర్శి చేత మాట్లాడిస్తే పని తొందరగా కావచ్చు, సంబంధాలూ చెడవు, కానీ నోటిమాటగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. మీరే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకుంటే జవాబు కూడా రాతలోనే రావలసి వస్తుంది, తర్వాత కార్మిక శాఖ సహాయ కమిషనరు దగ్గరికి వెళ్లవలసి వస్తే ఆ కాగితమే ఆధారం. మొదటే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడం మీకున్న హక్కే అయినా, చికిత్స మధ్యలో విచారణలకు తిరగడానికి మీ వెన్ను సహకరిస్తుందా అన్నది మీరే చూసుకోవాలి. మీలాగే మరికొందరు ఈఎస్‌ఐలో ఉన్నవారూ, ప్రసూతి సెలవులో ఉన్న మహిళలూ ఉండి ఉంటారు. వారందరి పేర్లతో యూనియన్ ఒకే అర్జీ పెడితే ఆ బరువు మీ ఒక్కరి మీద పడదు.

ఆ డబ్బు తీసుకుంటే ఈఎస్‌ఐ ఆగిపోతుందన్న భయంలో కొంత నిజం ఉంది, చాలావరకు లేదు. ఏ రోజుకు యాజమాన్యం వేతనం ఇస్తుందో ఆ రోజుకు అనారోగ్య ప్రయోజనం రాదన్నది నియమం. మీకు ఇవ్వవలసిన 9,000 ఏ ఫలానా రోజు పనికీ, సెలవుకీ చెల్లించే వేతనం కాదు. ఈఎస్‌ఐ పాత చట్టంలో అయితే రెండు నెలలకు మించిన వ్యవధితో ఇచ్చే అదనపు మొత్తాన్ని వేతనంగా లెక్కించేవారు కాదు. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కరువు భత్యాన్ని పేరు పెట్టి వేతనంలో చేర్చి, ఒప్పందం కింద చెల్లించే మొత్తాన్ని మినహాయింపుల్లో ఉంచారు. అలాంటి మినహాయింపులన్నీ కలిపి మీ మొత్తం రాబడిలో సగం దాటనంత వరకు ఆ మినహాయింపు నిలుస్తుంది.

మరి ప్రమాదం ఎక్కడంటే, దాన్ని పుస్తకాల్లో రాసే తీరులో. జీతాల గుమాస్తా ఆ 9,000ను "జూలై జీతం" అన్న గడిలో వేసి, నెలవారీ ఈఎస్‌ఐ చందా పట్టికలో మీ పేరు ఎదురుగా పది పదిహేను పని దినాలు చూపించాడనుకోండి, అదే జూలైకి మీరు అనారోగ్య ప్రయోజనం తీసుకున్నట్టు ఈఎస్‌ఐ రికార్డులో ఉంటుంది, రెండూ ఢీకొంటాయి. అప్పుడు మీరు అబద్ధం చెప్పి రెండుచోట్లా తీసుకున్నట్టు కనబడుతుంది, ఇచ్చినది తిరిగి కట్టమనే నోటీసు రావచ్చు. అందుకని మీ అర్జీలోనే ఒక వాక్యం చేర్చండి. ఈ మొత్తాన్ని ఒప్పందం కింద ఒకేసారి చెల్లింపుగా విడిగా చూపించాలనీ, మే 14 తర్వాత నెలల పట్టికలో పని దినాలు చూపరాదనీ రాయండి. డబ్బు వచ్చాక పోర్టల్‌లో జూలై వరుస ఎలా ఉందో చూసుకోవడం మరిచిపోవద్దు.

ఏప్రిల్ 1 నుంచి మే 13 దాకా పనిచేసిన రోజులకు కొత్త వీడీఏ మీకు పూర్తిగా రావాలి. ఉత్తర్వు ఆలస్యమై పాత రేటుతో జీతం ఇచ్చి ఉంటే బకాయి ఇప్పుడు తీసుకున్నా ఈఎస్‌ఐకి అడ్డు లేదు, అది పనిచేసిన రోజుల డబ్బు.

మీ ఖాతాలో 14 రోజుల ఆర్జిత సెలవు ఉందని రాశారు. దాన్ని ఎప్పుడు వాడతారన్నది మీ చేతిలోనే ఉంది. సెలవు రోజుకు కొత్త వీడీఏతో కలిపి 620 వస్తాయి, అందులో పీఎఫ్ కోత పోయినా ఆ పీఎఫ్ మీదే. మొదట డబ్బు రాని మే 14, 15 తేదీలను ఆర్జిత సెలవుగా మార్చమని అడగండి. ఆ రోజులకు ఈఎస్‌ఐ ఏమీ ఇవ్వలేదు కాబట్టి ఢీకొనేదేమీ లేదు, కోతలకు ముందు లెక్కన 1,240 రూపాయలు వస్తాయి. అనారోగ్యానికి సెలవు వాడుకునేవారికి ముందస్తు నోటీసు గడువు అడ్డు కాదన్న వెసులుబాటు 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. మిగిలిన 12 రోజులను ఇప్పుడే వాడితే ఆ రోజులకు ఎక్కువ డబ్బు వస్తుంది, 91 రోజుల గడువూ అంతమేరకు ఆలస్యంగా ముగుస్తుంది. ఆగస్టు 15 దాకా ఆపితే, పొడిగించిన ప్రయోజనం మంజూరయ్యేలోపు ఇంట్లో డబ్బు ఆడకపోయే రోజులకు అది పనికివస్తుంది. అయితే ఆ రోజులకు సెలవు జీతం తీసుకున్నాక, తర్వాత మంజూరైనా అవే రోజులకు 80 శాతం కూడా అడగలేరు. మంజూరు కాగితాలు నత్తనడక నడిచే అవకాశం ఎక్కువ కాబట్టి నేనైతే రెండోదాని వైపే మొగ్గుతాను, కానీ బడి ఫీజు గడువు ఎప్పుడో మీకు తెలుసు, నాకు తెలియదు.

ఆగస్టులో చేరిపోవాలన్న ఆలోచన దగ్గర మాత్రం నన్ను కాస్త గట్టిగా మాట్లాడనివ్వండి. చేరితే రోజుకు 620 వస్తాయి, ఇంట్లో ఉంటే 427. తేడా 193 రూపాయలు, నిజమే, అది చిన్న మొత్తం కాదు. పొడిగించిన ప్రయోజనం మంజూరైతే ఆ తేడా 132కు తగ్గుతుంది. ఆ 132 రూపాయల కోసం క్షయ సోకిన వెన్నుపూసల మీద డ్రమ్ములు ఎత్తే పని మోపడం ఎంత ప్రమాదమో మీ డాక్టరును సూటిగా అడగండి. వెన్నులో నరాల మీద ఒత్తిడి పెరిగితే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఈ జబ్బులో ఉంది. ఎలాగూ డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా చేరడానికి వీలుండదు. అది అడిగి తెచ్చుకుని చేరి, 15 రోజుల్లోపే మళ్లీ పడిపోతే ఈసారి మొదటి రెండు రోజుల కోత ఉండదు గానీ, 91 రోజుల్లో అప్పటిదాకా వాడినవి వాడినట్టే. డాక్టరు తేలికపాటి పనికి ఒప్పుకుంటే, ఆ మాటను సర్టిఫికెట్ మీద రాయించి, బరువులు లేని విభాగంలో వేయమని యాజమాన్యాన్ని అడగడం మధ్యేమార్గం. వారు ఒప్పుకుంటారన్న హామీ లేదు, అడగడంలో నష్టమూ లేదు. రాజీనామా రాసిస్తే అన్నీ ఒకేసారి సెటిల్ చేస్తామని ఎవరైనా అంటే మాత్రం సంతకం పెట్టకండి. అనారోగ్యం వల్ల పనికి రాని కాలం గ్రాట్యుటీకి సర్వీసు తెగినట్టు కాదు, మీ తొమ్మిదేళ్లు తొమ్మిదేళ్లుగానే ఉంటాయి. బోనస్‌లో మాత్రం నష్టం తప్పదు. ఈఎస్‌ఐ మీద ఉన్న రోజులు పనిచేసిన రోజుల కింద లెక్కకు రావు. అయినా ఏడాదిలో 30 రోజులు పనిచేసి ఉన్నారు కాబట్టి, పనిచేసిన మేరకు బోనస్ మీకు రావాలి, పూర్తిగా ఎగ్గొట్టనివ్వకండి.

చివరగా, మీ ఉత్తరంలో ప్రస్తావన లేని మరో డబ్బు ఉంది. క్షయ చికిత్స తీసుకుంటున్న ప్రతి ఒక్కరికీ కేంద్ర ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది, రెట్టింపు చేశారు. దీనికి ఆదాయ పరిమితి లేదు, ఈఎస్‌ఐ తీసుకుంటున్నవారికి వర్తించదన్న నియమమూ లేదు, ఇది వేతనం కాదు గనుక మీ 427 రూపాయలకు దీనివల్ల ఏ ముప్పూ రాదు. ఊపిరితిత్తులకు సోకిన క్షయకే ఇస్తారని కొందరు అనుకుంటారు, వెన్నెముక క్షయకూ ఇది వర్తిస్తుంది. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో మీ పేరు నమోదయి ఉండాలి, బ్యాంకు ఖాతా వివరాలు అక్కడ చేరి ఉండాలి, అంతే. మీకు మాత్రలు ఇచ్చేచోట ఉండే టీబీ సిబ్బందిని నిక్షయ్ ఐడీ ఎంతో అడగండి. వారు నంబరు చెప్పలేకపోతే నమోదు జరగలేదనుకోవాలి, అప్పుడు ఆధారూ బ్యాంకు పాస్‌బుక్కూ పట్టుకుని వెళ్లి దగ్గరుండి నమోదు చేయించుకోండి. మీరు వెళ్లలేకపోతే ఆ కాగితాలతో ఇంట్లోవారిని పంపండి.